పూలు ఎందుకు ఆగిపోయాయి?

ఈ ఉత్తరం భీమిలి వైపు నుంచి వచ్చింది. రాసిన అమ్మాయి తన పేరు, ఊరు, కంపెనీ ఏవీ వేయొద్దంది. చాలా పొడుగ్గా రాసింది కాబట్టి అవసరమైనంత వరకు ఇస్తున్నాను.

"అమ్మా, నమస్తే. నాకు 26 ఏళ్లు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివాను. మా ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. నాన్న, అన్నయ్య వేటకెళ్తారు, అమ్మ చేపలమ్ముతుంది. నేను మూడేళ్లుగా ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్యూసీలో, అంటే సరుకు నాణ్యత చూసే విభాగంలో, చేస్తున్నాను. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే.

ఏడాది కిందట ప్రొడక్షన్‌లోకి ఒక సూపర్‌వైజర్ వచ్చాడు. కోనసీమ అబ్బాయి, అంతర్వేది దగ్గర. మేం 'ఏటి' అంటే ఆయన 'ఆయ్' అంటాడు. రొయ్యలు ఒలిచే పీలింగ్ టేబుళ్ల దగ్గర ఆడవాళ్లంతా ఆ 'ఆయ్' కోసమే ఏదో ఒకటి అడుగుతుంటారు. లోపల అందరం మాస్కు, టోపీ, గంబూట్లలో ఉంటాం. ఆరు నెలల దాకా నేను ఆయన ముఖం సరిగ్గా చూడలేదు. కళ్లే తెలుసు. ఆయన నన్ను నడకను బట్టి గుర్తుపడతానన్నాడు, ఒకసారి క్యాంటీన్‌లో.

ప్లాంటులోకి పూలు, గాజులు, సెంటు, గోళ్లరంగు ఏవీ రానివ్వరు. మీకు తెలిసే ఉంటుంది. ఒక సాయంత్రం షిఫ్ట్ అయ్యాక బయటికొస్తే నా స్కూటీ అద్దానికి మల్లెపూల దండ వేలాడుతోంది. చీటీ లేదు. అలా మూడుసార్లు జరిగింది. నేనేమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కానీ మూడోసారి పార్కింగ్‌లో ఆయన నిలబడి చూడ్డం మా పిన్ని చూసింది. మా పిన్ని ఆయన షిఫ్ట్‌లోనే పీలింగ్ చేస్తుంది. 'ఏటే, ఆ బావు నీకాసే సూత్తన్నాడే' అంది. ఊళ్లో పిన్నికి తెలిసిందంటే మైకులో చెప్పినట్టే.

ఆ తర్వాత వారం ఆయన షిఫ్ట్‌లో ఒక లాటు, అంటే ఒక విడత సరుకు, ముందుకెళ్లకుండా నేను హోల్డ్‌లో పెట్టాను. టేబుళ్ల మీద ఐసు వేయడం ఆలస్యమైంది. 4 డిగ్రీల్లో ఉండాల్సిన రొయ్య 9 చూపించింది. ట్యాగ్ కట్టేశాను. ఆయన వచ్చి చూసి, 'మీరు ఆపింది కరెక్టేనండి, ఐసు సంగతి నేనే చూసుకోవాల్సిందండి' అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి, మూడు వారాలైంది, పూలు లేవు. ఎదురుపడితే నమస్తే పెడతాడు, అంతే. కోపం వచ్చిందా? లేకపోతే లాట్లు పాస్ చేస్తాననే పూలు పెట్టాడా? రాత్రిళ్లు ఇదే టెన్షన్. నేనే ముందు అడిగితే చులకనైపోతానా? ఆయన కాదంటే రోజూ అదే హాల్లో ఎలా పని చేయాలి? బస్సులో, ఊళ్లో అందరికీ తెలిస్తే ఎలా? మా కులాలు కూడా వేరు. ఇంట్లో ఏమంటారో తలుచుకుంటేనే భయం. ఏం చేయమంటారు?"

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకుంటూనే చదివాను. నెత్తి నుంచి కాలి దాకా కప్పేసుకుని, క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచి లోపలికెళ్లే చోట, కళ్లు తప్ప ఏమీ కనిపించని ఇద్దరు ఒకరికొకరు నచ్చడం నాకెంతో బాగుంది. ముఖం చూడకుండా మనిషి నచ్చాడంటే మాట, తీరు నచ్చాయన్నమాట. చాలామందికి ఆ వరస తలకిందులుగా జరుగుతుంది.

రెండోసారి చదివినప్పుడు ఆ లాటు దగ్గర ఆగిపోయాను. నువ్వు దాన్ని చెడ్డ మలుపు అనుకుంటున్నావు. నాకు మాత్రం మీ ఇద్దరి కథలో అన్నిటికన్నా మంచి రోజు అదే అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

ఒక మగవాడు పూలు పెట్టినప్పుడు ఎలా ఉంటాడో తెలిసినందువల్ల పెద్ద ఉపయోగం లేదు. అప్పుడు అందరూ బాగానే ఉంటారు. "ఇది కుదరదు" అని నువ్వు అన్నప్పుడు ఎలా ఉంటాడన్నది తెలియాలి. మామూలుగా ఆడపిల్లకి అది పెళ్లయ్యాక గానీ తెలియదు. నీకు ముందే తెలిసింది. ఆయన షిఫ్ట్‌లో, ఆయన కింద పని చేసేవాళ్ల ముందు, నువ్వు ట్యాగ్ కట్టావు. సూపర్‌వైజర్‌కి అది చిన్న విషయం కాదు. లాటు ఆగితే పైవాళ్లకి జవాబు చెప్పుకోవాలి. అయినా ఆయన గొంతు పెంచలేదు, ఐసు తెచ్చే కుర్రాడి మీదికి తోసేయలేదు, "ఒక్కసారికి వదిలేయండి మేడమ్" అని బతిమాలలేదు. తప్పు తనదని ఒప్పుకుని వెళ్లాడు. ఆ ఒక్క వాక్యం మూడు మల్లెదండల కన్నా ఎక్కువ చెప్తుంది.

ఇక పూలు ఎందుకు ఆగిపోయాయి? ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, అడగాల్సింది ఆయన్నే. కానీ నువ్వు చెప్పినవన్నీ వరసగా పెట్టుకుని చూస్తే నాకొకటి తోస్తోంది. లాట్లు పాస్ చేయించుకోవడానికే పూలు పెట్టినవాడైతే, లాటు ఆగిన మర్నాడు ఇంకా పెద్ద దండ పెట్టేవాడు. పని అప్పుడే కదా ఉండేది! ఆయన సరిగ్గా అప్పుడే మానేశాడు. హోల్డ్‌లో ఉన్న లాటుకీ నీ స్కూటీ మీద పూలకీ ముడి పడుతుందని, చూసేవాళ్లకి అది లంచంలా కనిపిస్తుందని, నువ్వు కూడా అలాగే అనుకుంటావని ఆలోచించి ఉండొచ్చు. నువ్వు అలాగే అనుకున్నావు కూడా. నా ఊహే నిజమైతే, ఆ పూలు ఆపడం నీ ఉద్యోగానికి ఆయన ఇచ్చిన మర్యాద.

నా ఊహ తప్పూ కావచ్చు. అందుకే ఊరికే ఊహించుకుంటూ ఇంకో మూడు వారాలు గడపొద్దంటున్నాను.

నువ్వే ముందు అడిగితే చులకనైపోతావా అన్నావు. ఎందుకవుతావు తల్లీ? లాటు ఆపే అధికారం ఉన్న మనిషివి నువ్వు. అమెరికా వెళ్లే కంటైనర్ ఒకటి అక్కడి పరీక్షల్లో నెగ్గకపోతే సరుకంతా వెనక్కొస్తుంది. దాన్ని ఇక్కడే, ఆ తడి హాల్లో, థర్మామీటరు పట్టుకుని ఆపేది నువ్వు. అంత పని చేసే నోరు "మీరు పూలు పెట్టారా?" అని అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఆయన ఇప్పటికే మూడుసార్లు ఒక అడుగు వేశాడు. నువ్వు వేసేది రెండో అడుగే.

కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది మాత్రం ముఖ్యం. ప్లాంటులో వద్దు. డ్యూటీలో వద్దు. నీ చేతిలో రిపోర్టు పుస్తకం ఉన్నప్పుడు అసలే వద్దు. హోల్డ్‌లో పెట్టిన ఆ లాటు సంగతి పూర్తిగా తేలి, కాగితాల మీద మూసేశాకే మాట్లాడు. నువ్వు లాటు ఆపగల మనిషివి, ఆయన ఆగే లాటు ఉన్న మనిషి. అది మీ మధ్య ఉన్నంతసేపూ ఆయన "అవును" అన్నా, "కాదు" అన్నా నువ్వు నమ్మలేవు. ఇందులో ఆయనకీ న్యాయం ఉంది. నీకు నచ్చకపోతే లాట్లు ఆపుతావేమోనన్న భయంతో ఆయన నవ్వుతూ ఒప్పుకోకూడదు.

వాట్సాప్‌లో కూడా వద్దని నా మాట. రాసిన మాటకి గొంతు ఉండదు. ఆయన "ఆయ్" అన్నాడా, "ఆఁ... ఆయ్" అన్నాడా అన్నది ఎదురుగా ఉంటేనే తెలుస్తుంది. నీకు ఆ తేడా బాగా తెలుసని నీ ఉత్తరమే చెప్తోంది.

భీమిలి ఎంత చిన్నదో నాకు తెలుసు. 1861లోనే మున్సిపాలిటీ అయింది, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది, అయినా ఇప్పటికీ టీ కొట్టు దగ్గర కొత్త మనిషి నిలబడితే ఎవరింటికొచ్చాడో పది నిమిషాల్లో తేలిపోతుంది. గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుకలో నడిచినా, లైట్‌హౌస్ దగ్గర నిలబడినా మీ అన్నయ్య స్నేహితుడు ఎవడో ఒకడు వలతో ఉంటాడు. అలాగని ఎవరూ లేని చోటికి వెళ్లడం కూడా నేను ఒప్పుకోను. ఎర్రమట్టి దిబ్బల్లో గోతుల మధ్యకి, తొట్లకొండ వెనక పొదల వైపుకి మొదటిసారి మాట్లాడ్డానికి వెళ్లొద్దు. నువ్వు భయపడాలని కాదు. ఇద్దరిలో ఎవరికి ఎప్పుడు లేచి వెళ్లిపోవాలనిపించినా తేలిగ్గా లేచి వెళ్లగలగాలి. అందుకు జనం ఉన్న చోటే మంచిది.

ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరూ వేర్వేరుగా విశాఖ వెళ్లండి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుసుకోండి. అక్కడ జనం ఉంటారు, కానీ ఎవరి గోల వాళ్లది. సబ్‌మెరైన్ లోపలికి మాత్రం వెళ్లొద్దు, ఆ ఇరుకులో వెనక వచ్చేవాళ్లు తోస్తుంటే మనసు విప్పి మాట్లాడలేరు. చెరో మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని గోడ మీద కూర్చోండి. చేతిలో తినేది ఏదైనా ఉంటే మాట తడబడినప్పుడు సాయపడుతుంది. ఇది నా సొంత అనుభవం.

ఏమని మొదలుపెట్టాలో కూడా అడిగావు. ఉత్తరం చివర నువ్వు రాసుకున్న డైలాగు చదివాను. అది బాగుంది గానీ పొడుగైంది. "ఆ మల్లెపూలు మీరేనా? నాకు నచ్చాయి. తర్వాత ఎందుకు ఆపేశారో తెలియక బాధపడ్డాను." ఈ మూడు మాటలు చాలు. తర్వాత నువ్వు మాట్లాడకుండా ఉండు. ఇది కష్టం. మన నోరు ఖాళీ చూడలేదు, "అంటే నా ఉద్దేశం అది కాదు, మీరేం అనుకోవద్దు" అని పూడ్చేస్తుంది. పూడ్చకు. ఆయన్ని ఆలోచించుకోనీ.

కాదన్నాడనుకో. సినిమా కష్టాలేవీ రావు. నాలుగు రోజులు అన్నం సయించదు, ఆ హాల్లోకి వెళ్లేటప్పుడు గుండె బరువుగా ఉంటుంది. ఐదో రోజున ఎవరో కౌంట్ తప్పు వేస్తారు, కిలోకి 30 రొయ్యలు తూగాల్సిన చోట 38 తూగుతాయి, నీ బుర్ర మళ్లీ పనిలో పడుతుంది. మాస్కు ఉన్న ఉద్యోగం ఆ నాలుగు రోజులూ నీకు మేలే చేస్తుంది. కాదన్నాక మళ్లీ అడగొద్దు, పిన్నితో అడిగించొద్దు. ఇదే నియమం ఆయనకీ వర్తిస్తుంది. రేపు నువ్వు వద్దనుకున్నాక ఆయన వదలకుండా వెంటపడితే, పని చేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ఉంది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి, మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఈ అబ్బాయి విషయంలో అది అవసరమవుతుందని నాకు అనిపించడం లేదు. అయినా మీ ప్లాంటులో ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసుకుని ఉంచుకో. పీలింగ్‌లో ఉన్న ఆడవాళ్లకీ చెప్పు. వాళ్లలో చాలామందికి అలాంటిది ఒకటుందనే తెలిసి ఉండదు.

అవునన్నాడనుకో. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి.

మా ఆయనా నేనూ ఒకే ఆఫీసులో పని చేసేవాళ్లం. విశాఖలో రేవు దగ్గర ఓడ సరుకుల కాగితాలు చూసే చిన్న కంపెనీ. ఆయన బిల్లులు రాస్తే నేను సరిచూసేదాన్ని. రెండేళ్లు దాచాం. ఎంత జాగ్రత్తగా దాచామంటే, వేర్వేరు బస్సుల్లో వచ్చి, ఆఫీసులో ఒకరినొకరు "అండీ" తప్ప అనకుండా, మధ్యాహ్నం క్యారియర్లు కూడా దూరంగా విప్పుకునేవాళ్లం. మేం దొరికిపోయిన తీరు మరీ అన్యాయం. మా ఇద్దరి క్యారియర్లలో ఒకే రోజు ఒకే కాకినాడ కాజాలు బయటపడ్డాయి. అందరూ నవ్వారు. ఒక్క మా సెక్షన్ పెద్దాయన నవ్వలేదు. ఆయన నన్ను సొంత కూతురిలా చూసేవారు. "రెండేళ్లుగా అతని బిల్లుల మీద నువ్వు పెట్టిన సంతకాలన్నీ నేనిప్పుడు మళ్లీ చూడాలి కదమ్మా" అన్నారు. నిజంగానే వారం కూర్చుని అన్నీ తిరగేశారు. ఒక్క తప్పూ దొరకలేదు. కానీ ఆ వారం నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. ప్రేమించినందుకు ఆయన ఏమీ అనలేదు. దాచినందుకు బాధపడ్డారు.

అందుకే నీకు చెప్తున్నాను. ఇద్దరికీ ఇష్టమని తేలి, ఇది నాలుగు రోజుల ముచ్చట కాదని మీకే నమ్మకం కలిగిన రోజున, మీ క్వాలిటీ మేనేజర్‌కి నువ్వే వెళ్లి చెప్పు. ఊరంతా చెప్పుకున్నాక ఆయన చెవిన పడే దాకా ఆగొద్దు. చెప్పేటప్పుడు దారి కూడా నువ్వే చూపించు: "సర్, ఆయన షిఫ్ట్ లాట్ల మీద నా సంతకం వద్దు. ఇంకొకరికి ఇవ్వండి. లేదా నన్ను వేరే షిఫ్ట్‌కి మార్చండి." నువ్వు ఆయన కింద పని చేయడం లేదు, ఆయన నీ కింద పని చేయడం లేదు. ఇది పెద్ద సౌకర్యం. అడ్డు వచ్చేది ఆ ఒక్క సంతకమే. దాన్ని పక్కకి తీసేస్తే, నిన్ను వేలెత్తి చూపడానికి ఎవరికీ ఏమీ మిగలదు. కంపెనీలో ఇలాంటి వాటికి రాసిపెట్టిన నియమం ఉందేమో, హెచ్‌ఆర్‌లో ఉద్యోగుల నియమాల కాగితం అడిగి ఒకసారి చదువు.

అంతవరకూ, అంటే మేనేజర్‌కి చెప్పే లోపు, ఆయన లాటు నీ చేతికొస్తే మామూలుగా ఎలా చూస్తావో అలాగే చూడు. ఇష్టం ఉందని వదలొద్దు. ఇష్టం ఉందని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయంతో ఇంకాస్త గట్టిగానూ పట్టొద్దు. రెండోదే ఎక్కువ జరుగుతుంది, మంచి ఆడపిల్లల విషయంలో. నేనూ మా ఆయన బిల్లుల్లో లేని తప్పులు వెతికేదాన్ని.

పిన్ని విషయానికొద్దాం. ఆమెని చూసి భయపడుతున్నావు. నేనైతే ఆమెని నీ వైపు తెచ్చుకోమంటాను. ఆవిడ రోజుకి ఎన్నో గంటలు ఆ అబ్బాయి కింద నిలబడి రొయ్య ఒలుస్తుంది. వేళ్లు నానిపోయి, నడుం పట్టేసి, ఎన్ని కిలోలు ఒలిస్తే అంత డబ్బు వచ్చే పని. తూకం దగ్గర ఆ అబ్బాయి ఎలా ఉంటాడు? పావుకిలో తేడా వస్తే ఎవరి వైపు మాట్లాడతాడు? ఒంట్లో బాగాలేదని ఒకామె కూర్చుంటే ఏమంటాడు? ఇవి నీకు కనిపించవు, పిన్నికి కనిపిస్తాయి. పైకి మర్యాదగా, కిందికి కరుకుగా ఉండే మనుషులు ఉంటారు. నీతో "అండీ" అనే నోరు వాళ్లతో ఏమంటుందో తెలుసుకోవాలంటే నీకున్న దారి పిన్నే. ఒక రోజు కూర్చోబెట్టి, "పిన్నీ, నువ్వు చూసింది నిజమే. నాకూ ఇష్టంగానే ఉంది. ఇంకా ఏమీ అనుకోలేదు. మనిషి ఎలాంటివాడో నువ్వు చెప్పు" అని అడుగు. నమ్మి అడిగిన మాటని మన పల్లె ఆడవాళ్లు మైకులో చెప్పరు. నమ్మకుండా దాచిన మాటనే చెప్తారు. బస్సులో నలుగురు గుసగుసలాడితే "ఏటే మీ గోల" అని వాళ్ల నోళ్లు మూయించేది కూడా ఆవిడే అవుతుంది.

ఇంట్లో సంగతి. నువ్వు నాన్న గురించే నాలుగు పేజీలు రాశావు, అమ్మ గురించి రెండు లైన్లు. ముందు చెప్పాల్సింది అమ్మకి. వేటకెళ్లే ఇళ్లలో సముద్రం మీద మాట మగవాళ్లదే కావచ్చు, చేప ఒడ్డు చేరాక లెక్కంతా ఆడవాళ్లదే. గంపెత్తుకుని ఊళ్లు తిరిగి, పది మందితో బేరమాడి, ఎవరు మాట మీద నిలబడతారో ఎవరు నిలబడరో ఒక్క చూపులో చెప్పగల మనిషి మీ అమ్మ. నీ చదువు ఖర్చు ఆ గంప నుంచే వచ్చిందని నువ్వే రాశావు. ఆమెని ఒప్పించగలిగితే సగం దారి నడిచినట్టే. ఇంకో సగం ఆమె నడుస్తుంది.

నాన్నతో మాట్లాడ్డానికి సమయం చూసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం కదా. పడవలు ఒడ్డున, మగవాళ్లు ఇళ్లలో. వలలు బాగు చేసుకుంటూ, అప్పులు లెక్కేసుకుంటూ ఉండే రోజులవి. చెరువుల్లో వేసవి పంట పట్టుబడికి వచ్చేదీ ఆ రోజుల్లోనే కాబట్టి నీకు ప్లాంటులో ఊపిరాడదు. పని లేక విసిగిన నాన్న, పనితో విసిగిన కూతురు కూర్చుని పెళ్లి మాట ఎత్తితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పడవ మళ్లీ నీళ్లలో పడనీ. వేటకెళ్లొచ్చి, నాలుగు మంచి చేపలు ఒడ్డున పడి, నాన్న కాళ్లు చాపుకుని కూర్చున్న రోజున అమ్మ చేత మాట ఎత్తించు.

అన్నయ్య కోప్పడతాడని రాశావు. పడనీ. ఆ కోపంలో సగం "నాకెందుకు ముందు చెప్పలేదు" అన్నదే ఉంటుంది. కొట్టడం, ఇంట్లో బంధించడం దాకా వెళ్లే కోపమని నీకు ఏమాత్రం అనుమానం ఉన్నా మాత్రం ఈ సలహాలన్నీ పక్కన పెట్టి ముందు నాకు మళ్లీ రాయి, అప్పుడు వేరే జాగ్రత్తలు చెప్తాను. నీ ఉత్తరంలో నాకు కనిపించిన అన్నయ్య అలాంటివాడు కాదు. నీకు నైట్ షిఫ్ట్ ఉన్న రోజుల్లో వేట నుంచి వచ్చి నిద్రపోకుండా నిన్ను దింపి వెళ్లేవాడట కదా.

కులం సంగతి ఇప్పుడే మోసుకోకు. ఇంకా ఒక మాటైనా అనుకోని ఇద్దరికి పెళ్లి చట్టాలు ఎందుకు? అడిగావు కాబట్టి ఒక్క ముక్కలో చెప్తాను. ఇద్దరూ హిందువులైతే కులం వేరు కావడం 1955 హిందూ వివాహ చట్టానికి అడ్డే కాదు. మతం వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి 30 రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. అంతే. మిగిలిందంతా మనుషులతో మాట్లాడాల్సిన పని, ఆఫీసుల్లో తిరగాల్సిన పని కాదు.

ఒక్క సంగతి మరిచిపోతున్నాను. ఆయన గురించి నువ్వు అన్నీ రాశావు గానీ, ఆయనకి ఏం కావాలో రాయలేదు. ఇక్కడే ఉంటాడా? గోదావరి జిల్లాల్లో రొయ్యల ప్లాంట్లకి కొదవ లేదు, రేపు ఇంటి దగ్గర ఉద్యోగం వస్తే వెళ్లిపోతాడా? అప్పుడు నీ ఉద్యోగం సంగతి ఏంటి? మూడేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరుని మల్లెపూల కోసం వదిలేయమని ఎవరూ అడగకూడదు, నువ్వూ ఇచ్చేయకూడదు. మొదటి రోజే ఇది అడగమనను. మూడోసారో నాలుగోసారో కలిసినప్పుడు అడుగు. ఆయన "పెళ్లయ్యాక చూద్దాం లెండి" అంటే, ఆ "చూద్దాం" ఏంటో అప్పుడే చూడాలని నా మాటగా చెప్పు.

గోదావరి వాళ్లకి సముద్రం కొత్తేమీ కాదు గానీ, అంతర్వేది దగ్గర చూసిన సముద్రం వేరు, మన వైపు సముద్రం వేరు. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి లాగే తీరు చూసి మోసపోతారు కొత్తవాళ్లు. ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగబోతాడేమో, మోకాలు దాటనివ్వకు. వేటగాడి కూతురివి, నీ మాట వింటాడు.

ఆదివారం వెళ్లేటప్పుడు తలలో మల్లెపూలు పెట్టుకో. ప్లాంటులో వద్దంటారు గానీ బీచ్‌లో ఎవరూ ఏమీ అనరు. ఏడాది నుంచి నిన్ను టోపీలోనే చూస్తున్నాడు పాపం. ఏమన్నాడో రాయి, ఎదురుచూస్తుంటాను.